సైగాన్‌లో నత్తలు, గుల్లలు ఎలా తినాలి: ఆర్డర్ ఇచ్చే దగ్గర్నుంచి ఆఖరి చుక్క సాస్ దాకా

వియత్నాం వెళ్లొచ్చిన మనవాళ్లని అడగండి, ఫో తిన్నాం, బాన్ మీ తిన్నాం, ఎగ్ కాఫీ తాగాం అని చెప్తారు, మరి నత్తలు తిన్నారా అంటే ఎక్కువమంది లేదండీ, దూరం నుంచి చూసి వచ్చేశాం అంటారు. నాకు చాలా బాధగా అనిపించే విషయం ఇది. ఎందుకంటే సైగాన్ (కాగితాల మీద హో చి మిన్ సిటీ) వాళ్లు సాయంత్రం పూట ఫ్రెండ్స్‌తో నిజంగా ఎక్కడ కూర్చుంటారో, దేనికోసం రెండు మూడు గంటలు లేవకుండా కూర్చుంటారో చూడాలంటే నత్తల హోటల్‌కే వెళ్లాలి, దాన్నే వాళ్లు క్వాన్ ఓక్ అంటారు. పేరుకి నత్తల హోటల్ గానీ సముద్రపు నత్తలు, మంచినీటి నత్తలు, గుల్లలు, స్కాలప్స్, ఆయిస్టర్లు, పీత కాళ్లు, అన్నీ అక్కడే ఉంటాయి. ఇప్పుడు హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు కూడా ఉన్నాయి కాబట్టి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు, వాళ్లకి పనికొస్తుందనే ఇదంతా వివరంగా రాస్తున్నా.

గోదావరి జిల్లాల్లో నత్తగుల్లల కూర తిని పెరిగినవాళ్లకి ఇందులో భయపడాల్సిందేమీ లేదు, మీరు సగం దారి ఆల్రెడీ వచ్చేసినట్టే. అసలు ఎప్పుడూ తిననివాళ్లు కూడా కంగారు పడక్కర్లేదు, ఏది ముందు తినాలో ఏది తర్వాత తినాలో తెలిస్తే చాలు.

ముందు ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే ఉంటుంది. క్వాన్ ఓక్‌లో మెనూ చూసి ఫోటో బాగుందని ఆర్డర్ ఇవ్వకూడదు. ఏ నత్త అనేది ఒక మాట, దాన్ని ఎలా వండాలి అనేది ఇంకో మాట, ఈ రెండిటికీ జత కుదరాలి. ఒకే రకం నత్తని ఉడికించమనొచ్చు, కాల్చమనొచ్చు, చింతపండులో వేయించమనొచ్చు, కొబ్బరిపాలలో వండమనొచ్చు, హోటల్ వాడు దేనికీ కాదనడు, అడిగింది చేసిచ్చేస్తాడు. కానీ తియ్యటి మెత్తటి కండ ఉన్న నత్తని తీసుకెళ్లి ఘాటు చింతపండు సాస్‌లో ముంచేస్తే ఇక దాని రుచి ఎక్కడ తెలుస్తుంది, డబ్బులు నత్తకి ఇచ్చి సాస్ తిని వచ్చినట్టు అవుతుంది.

ఎక్కడికి, ఎప్పుడు

సైగాన్‌లో నత్తలంటే అందరూ చెప్పేది డిస్ట్రిక్ట్ 4లో విన్ ఖాన్ వీధి. 2025 జూలై నుంచి వియత్నాంలో జిల్లా అనే లెవెలే తీసేశారు, కాగితాల మీద ఇప్పుడు వార్డులే ఉన్నాయి, కానీ జనం నోట్లో ఇంకా డిస్ట్రిక్ట్ 4 అనే నడుస్తోంది, ట్యాక్సీ అతనికి కూడా అదే చెప్పండి. సెంటర్ నుంచి చిన్న కాలువ దాటితే అవతల అదే. సాయంత్రం 6, 7 మధ్య వెళ్తే బెస్ట్, సీటు దొరుకుతుంది, సరుకు కూడా నిండుగా ఉంటుంది. 9 దాటాక వెళ్తే మంచి రకాలు అయిపోయి ఉండొచ్చు, గోల కూడా ఎక్కువ, స్పీకర్లు పెట్టి పాటలు పాడేవాళ్లు, నోట్లోంచి నిప్పులు ఊదేవాళ్లు కూడా వస్తుంటారు, అది కావాలనుకునేవాళ్లకి అదే కరెక్ట్ టైమ్ అనుకోండి. విన్ ఖాన్ కాకపోయినా పర్లేదు, సైగాన్‌లో ఏ పేటలోనైనా సందు చివర ఒక క్వాన్ ఓక్ ఉంటుంది, ఫుట్‌పాత్ మీద చిన్న స్టూళ్లు, లోకల్ జనంతో కిటకిటలాడుతూ ఉంటే కూర్చోండి. జనం ఎక్కువ ఉన్న చోట సరుకు రోజుది రోజు అయిపోతుంది, గుల్లల విషయంలో దీన్ని మించిన గ్యారంటీ లేదు.

లోపలికి వెళ్లగానే కూర్చోకండి, ముందు గుమ్మం దగ్గర బేసిన్లలో, ట్రేలలో పెట్టిన సరుకు చూడండి. బతికున్న నత్త కొద్దికొద్దిగా కదులుతూ ఉంటుంది, వేలు తగిలిస్తే మూత లాక్కుని లోపలికి పోతుంది. గుల్లలైతే మూసుకుని ఉండాలి, లేదా కాస్త తెరుచుకుని ఉన్నా తట్టగానే మూసుకోవాలి. తట్టినా నోరు తెరుచుకునే ఉన్నాయంటే అవి చచ్చినవి, వాటి జోలికి పోవద్దు. వాసన సముద్రపు గాలిలాగా ఉండాలి, నీచు కంపు గుప్పుమంటే ఇంకో హోటల్ చూసుకోండి, మొహమాటం అస్సలు వద్దు.

భాష రాకపోయినా పనైపోతుంది, వేలితో చూపించడం, ఆ తర్వాత వండే పద్ధతి చెప్పడం. ఈ నాలుగైదు మాటలు నేర్చుకుంటే సరిపోతుంది: హప్ అంటే ఆవిరి మీద, లూవక్ అంటే నీళ్లలో ఉడికించడం, నూవంగ్ అంటే నిప్పుల మీద కాల్చడం, సావ్ అంటే వేపుడు లాంటిది, రాంగ్ అంటే ఉప్పుకారంతోనో చింతపండుతోనో పొడిగా వేయించడం. పలకడం సరిగ్గా రాకపోతే ఫోన్‌లో వియత్నామీస్‌లో టైప్ చేసి చూపించండి, వాళ్లకి ఇది రోజూ అలవాటే.

ఇక ఏది దేంతో

మొదటి ప్లేట్ ఎప్పుడూ తేలికగా ఉండేది చెప్పండి. నా ఓటు నిమ్మగడ్డితో ఆవిరి పట్టిన తెల్ల గుల్లలకి, ఙేవ్ హప్ సా అంటారు. మెకాంగ్ డెల్టా తీరంలో ఇసుక మేటల్లో పెరిగే గుల్లలివి. బెన్ చే వైపు ఊళ్లవాళ్లు సహకార సంఘాలు పెట్టుకుని, చిన్నవి వదిలేస్తూ పెద్దవే ఏరుతూ పద్ధతిగా నడిపినందుకు 2009లో వాటికి ఎంఎస్‌సీ (మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) అనే సంస్థ, సముద్రపు సరుకుని తరిగిపోకుండా పడుతున్నారని ఇచ్చే సర్టిఫికెట్ వచ్చింది, ఆగ్నేయాసియాలో అదే మొదటిది. చిన్న కుండలోనో గిన్నెలోనో పొగలు కక్కుతూ తెస్తారు. గుల్లలు తినేసి ఆగిపోకండి, అసలు సంగతంతా కింద మిగిలిన నీళ్లలో ఉంది, నిమ్మగడ్డి, పచ్చిమిర్చి, గుల్లల ఉప్పుదనం మొత్తం అందులోకి దిగి ఉంటాయి, చిన్న గిన్నెలో పోసుకుని వేడివేడిగా తాగేయండి. జలుబు చేసినప్పుడు తాగే మన మిరియాల చారు ఇచ్చే హాయి ఇందులో ఉంటుంది. అడుగున ఇసుక ఉండొచ్చు కాబట్టి ఆఖరి రెండు చెంచాలు మాత్రం వదిలేయండి.

రెండోది ఓక్ హూంగ్. తెల్లటి పెంకు మీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి, చూడగానే గుర్తుపడతారు. న్యా చాంగ్ అనే సముద్రతీర నగరం ఉన్న ఖాన్ హోవా తీరంలో వీటిని పెద్ద ఎత్తున పెంచుతారు. రేటు ఎక్కువే, చాలాచోట్ల ప్లేటు లెక్కన కాకుండా తూకం మీద అమ్ముతారు. కండ తియ్యగా, గట్టిగా, కరకరలాడేలా ఉంటుంది, అందుకే దీన్ని ఆవిరి మీద గానీ, నిప్పుల మీద కాల్చి గానీ, మహా అయితే ఉప్పుకారం వేసి వేయించి గానీ తినాలి. ఉప్పు గుడ్డు సాస్‌తో ఈమధ్య అందరూ చేస్తున్నారు, పచ్చసొన వెన్నలాగా పట్టి ఉంటుంది, రుచిగానే ఉంటుంది, కానీ అది రెండోసారి వెళ్లినప్పుడు చెప్పండి, మొదటిసారి మాత్రం దాని అసలు రుచి తెలియాలి.

దీన్ని పెంకులోంచి తీయడం దగ్గరే చాలామంది తడబడతారు, కండ సగంలో తెగిపోయి వెనక భాగం లోపలే ఉండిపోతుంది. ఇలా చేయండి. ఎడమచేత్తో పెంకుని, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోటి దగ్గర గోరు లాంటి గోధుమరంగు మూత కనిపిస్తుంది, అది తినేది కాదు. చిన్న ఫోర్కు గానీ పుల్ల గానీ ఆ మూత కిందనించి కండలోకి బాగా లోతుగా గుచ్చండి, పైపైన గుచ్చితే తెగిపోతుంది. ఇప్పుడు పుల్లని కదపకండి, పెంకుని తిప్పండి, సుడి ఎటు తిరిగి ఉందో దాని ప్రకారం మెల్లగా మెలి విప్పుతున్నట్టు తిప్పుకుంటూ వస్తే చివరి తోక దాకా ఒక్క ముక్కగా బయటికి వచ్చేస్తుంది. మూత పీకి పారేయండి. చిన్న నత్తలైతే తోకతో సహా తినేస్తారు, పెద్దవాటిలో తోక దగ్గర నల్లగా మెత్తగా ఉండేది పేగు భాగం, చేదుగా ఉంటుంది, గిల్లి తీసేయండి. మొదటి రెండు మూడు తెగుతాయి, ఐదోదానికల్లా చెయ్యి తిరుగుతుంది.

మూడో ప్లేట్‌కి కాస్త ఘాటు పెంచొచ్చు. రక్త గుల్లలు ఉంటాయి, సో హ్వియెత్ అంటారు, పెంకు మీద లోతైన గాళ్లు ఉంటాయి, విప్పితే ఎర్రటి నీళ్లు కారతాయి. చూసి భయపడతారు గానీ మన రక్తానికి ఆ రంగు ఇచ్చే హిమోగ్లోబిన్ వీటిలో కూడా ఉంది, అందుకే ఆ ఎరుపు. ఇదే రకం గుల్ల మన కాకినాడ బేలో కూడా దొరుకుతుంది. చింతపండు పులుసులో వేయించినవి, రాంగ్ మే, మన నాలుకకి వెంటనే ఎక్కేస్తాయి, పులుపు, తీపి, కారం మూడూ ఉంటాయి, పైన పల్లీలు చల్లి ఇస్తారు. బలమైన రుచి ఉన్న గుల్ల కాబట్టి చింతపండుని తట్టుకుంటుంది, పైన చెప్పిన జత అంటే ఇదే. కానీ ఒక్క కండిషన్, అక్కడివాళ్లు చాలామంది దీన్ని సగం ఉడికినట్టుగా తింటారు, మీరు మాత్రం చిన్ కీ అని చెప్పండి, అంటే బాగా ఉడికించమని. 1988లో షాంఘైలో ఇలాంటి గుల్లలే సరిగ్గా ఉడికించకుండా తిని దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్ ఏ వచ్చింది. ఇవి నీళ్లని వడగట్టుకుని బతికే జీవులు, నీళ్లలో ఏముంటే అది లోపల పోగేసుకుంటాయి, కాబట్టి ఈ విషయంలో ఫ్యాషన్‌కి పోవద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఓక్ లెన్ సావ్ యూవ. మడ అడవుల బురదలో, చెట్ల వేర్ల మీద పాకే సన్నటి పొడుగాటి నత్తలు, కా మావ్ నుంచి, సైగాన్ పక్కనే ఉన్న కన్ జో నుంచి వస్తాయి. మన కోరంగి లాంటి చోటు అనుకోండి. వాటిని కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, కాస్త పంచదార, రావ్ రామ్ అనే ఘాటైన ఆకు వేసి వండుతారు. పుల్లతో పని లేదు, వండేముందే తోక చివర కత్తిరించేస్తారు, మీరు నోటి వైపు పెదాలు ఆనించి గట్టిగా ఒక్కసారి పీల్చాలి, కొబ్బరిపాలతో సహా కండ టక్కున నోట్లోకి వస్తుంది. రాకపోతే వెనక తోక వైపు ఒకసారి పీల్చి, లోపల పట్టు వదిలించి, మళ్లీ ముందు వైపు పీల్చండి. చప్పుడు వస్తుంది, రానివ్వండి, చుట్టూ ఉన్న టేబుళ్ల నుంచి కూడా అదే చప్పుడు వస్తుంటుంది. దీన్ని పొడిగా ఉడికించమని అడిగితే తెచ్చిపెడతారేమో గానీ ఏం బాగుండదు, కండ కొంచెమే ఉంటుంది, కొబ్బరిపాలే దీనికి ప్రాణం. కొబ్బరిపాలు అనగానే మనకి కూర గుర్తొస్తుంది, ఇది అంత మసాలాగా ఉండదు, తియ్యగా, పలచగా, నిమ్మగడ్డి వాసనతో ఉంటుంది. ప్లేట్‌లో మిగిలిన గ్రేవీకి ఒక బాన్ మీ రొట్టె తెప్పించుకుని ముంచుకుని తినండి, ఆ రొట్టె కోసమే నేనైతే ఇది ఆర్డర్ ఇస్తా.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఓక్ మోంగ్ తాయ్ అని సన్నగా పొడుగ్గా వేళ్లలాగా ఉండేవి, పేరులో ఓక్ ఉన్నా అవి నత్తలు కావు గుల్లలు, వాటిని తూటికూరతో వెల్లుల్లి వేసి వేపించుకోండి, టేబుల్ మీద కాస్త ఆకుకూర కూడా ఉన్నట్టు ఉంటుంది. స్కాలప్స్ అయితే ఉల్లికాడల నూనె, పల్లీలు వేసి నిప్పుల మీద కాల్చినవి, సో దియెప్ నూవంగ్ మో హాన్, పిల్లలు కూడా తినేస్తారు, నత్తలంటే మొహం తిప్పుకునేవాళ్లని దీంతోనే దారిలో పెట్టాలి. ఓక్ మో అని గుండ్రంగా నున్నగా ఉండేవి వెన్న వెల్లుల్లితో బాగుంటాయి. ఆయిస్టర్ల మీద చీజ్ వేసి కాల్చి ఇస్తారు, తింటే తినండి, నాకైతే చీజ్ రుచి తప్ప ఏమీ తెలియదు. పచ్చి ఆయిస్టర్లు మాత్రం రోడ్డు పక్కన వద్దు.

సాస్‌ల సంగతి

ప్రతి ప్లేట్‌తో పాటు ఒక చిన్న గిన్నె వస్తుంది, ఏది దేంతో వచ్చిందో కలపకండి. ఆవిరి పట్టిన, కాల్చిన వాటికి ఉప్పు, మిరియాల పొడి, నిమ్మకాయ, దీన్ని మీరే కలుపుకోవాలి. ఉప్పు మిరియాలు గిన్నెలో పెట్టి నిమ్మచెక్కో, తాక్ అనే చిన్న పుల్లటి కాయో పక్కన ఇస్తారు, పిండి ఫోర్కుతో కలపండి. ప్రపంచంలో మిరియాలు అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసేది వియత్నామే, ఆ ఘాటు అక్కడ కొత్తగా అనిపిస్తుంది. ఉడికించిన నత్తలకి అల్లం వేసిన ఫిష్ సాస్, నుక్ మామ్. నెత్తళ్లు, ఉప్పు పెద్ద చెక్క తొట్లలో వేసి ఏడాది పాటు ఊరబెట్టి తీసే రసం అది, నేరుగా వాసన చూస్తే ఇబ్బందిగా ఉంటుంది, నిమ్మరసం, పంచదార, అల్లం, పచ్చిమిర్చి కలిశాక పూర్తిగా మారిపోతుంది. ఇక న్యా చాంగ్ వైపు నుంచి వచ్చిన పచ్చిమిర్చి సాస్ ఉంది, ముయ్ ఓత్ సాన్, ఆకుపచ్చగా చిక్కగా ఉంటుంది, మనవాళ్లకి ఇది తెగ నచ్చుతుంది.

పక్కన రావ్ రామ్ ఆకులు పెడతారు, అలంకరణకి అనుకుని వదిలేయకండి. మనకి చలవ, వేడి అని ఉన్నట్టే వాళ్ల దగ్గర కూడా నత్తలు, గుల్లలు చలవ చేసేవి అని లెక్క, అందుకే అల్లం, మిరపకాయ, ఘాటుగా ఉండే ఈ ఆకు తప్పకుండా పక్కన పెట్టుకుంటారు. ఒక నత్త, ఒక ఆకు, సాస్‌లో ముంచి నోట్లో వేసుకోండి.

ఎంత ఆర్డర్ చెయ్యాలి అంటే, నలుగురు వెళ్తే మొదట మూడు ప్లేట్లు, అవి అయ్యాక ఇంకో రెండు, మళ్లీ చూసుకోవచ్చు. అన్నీ ఒకేసారి చెప్పేస్తే అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి, చల్లారిన నత్త గట్టిపడి రబ్బరైపోతుంది, కొబ్బరిపాలు పేరుకుపోతాయి, వెన్న గడ్డకడుతుంది. ప్లేట్లు చిన్నవి, అది వాళ్ల ఉద్దేశమే, కూర్చుని మాట్లాడుకుంటూ ఒక్కొక్కటి తెప్పించుకోవాలి. తాగేవాళ్లు బీరులో ఐస్ వేసుకుని తాగుతారు, ఆ ఎండలకి అదే నయం, తాగనివాళ్లకి ఐస్ టీ ఉంటుంది. మో, హాయ్, బా, యో అని పక్క టేబుల్ వాళ్లు గ్లాసులు ఎత్తితే మీరూ ఎత్తండి. పెంకులు వేయడానికి బకెట్ గానీ ట్రే గానీ ఇస్తారు, ఇవ్వకపోతే అడగండి.

డబ్బుల దగ్గర

మామూలు ప్లేట్ ఒకటి 60 వేల నుంచి 1 లక్షా 20 వేల డాంగ్ మధ్యలో ఉంటుంది, మన రూపాయికి అటూఇటూగా 300 డాంగ్ అనుకుంటే 200 నుంచి 400 రూపాయలు. ఓక్ హూంగ్, పీత కాళ్లు లాంటివి అంతకంటే బాగా ఎక్కువ. మెనూలో కొన్నిటి పక్కన రేటు రాయరు, ఆ రోజు మార్కెట్ రేటు అని ఉంటుంది, అలాంటివి తూకం వేయకముందే ఎంత అని కాలిక్యులేటర్‌లో కొట్టించుకోండి, ఎంత బరువో కూడా కళ్లతో చూడండి. టేబుల్ మీద పెట్టే తడి నాప్కిన్ ప్యాకెట్, పల్లీలు, పిట్ట గుడ్లు ఇవేవీ ఫ్రీ కావు, విప్పితే బిల్లులో పడతాయి, ఒక్కొక్కటీ కొద్దిపాటి డబ్బే, వద్దనుకుంటే ముట్టుకోకుండా వదిలేయండి. బిల్లు కావాలంటే తిన్ తియెన్ అనండి. లెక్క ఒకసారి చూసుకుని ఇవ్వండి, అక్కడ అది మర్యాద తక్కువ ఏమీ కాదు.

జాగ్రత్తలు, ఇవి దాటేయకండి

రొయ్యలు, పీతలు పడనివాళ్లకి నత్తలు, గుల్లలు కూడా పడకపోవచ్చు, రెండిట్లోనూ ఒకేలాంటి ప్రొటీన్ ఉంటుంది. ఒకసారి ఎలర్జీ వచ్చి ఉంటే ఇక్కడ ప్రయోగం చేయకండి, ఊరుకాని ఊళ్లో హాస్పిటల్ వెతుక్కోవాల్సి వస్తుంది.

పంది మాంసం తిననివాళ్లు చూసుకోవాలి. ఓక్ బూవ్ అనే పెద్ద మంచినీటి నత్తల్లో పంది కీమా కూరి అల్లం ఆకుతో ఆవిరి పడతారు, ఉల్లికాడల నూనె కూడా చాలాచోట్ల పంది కొవ్వుతోనే చేస్తారు. ఖోంగ్ ఆన్ థిత్ హేవో అని చెప్పండి, పంది మాంసం తినం అని, ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తే ఇంకా మంచిది. కొవ్వు సంగతి విడిగా అడగాలి, మాంసం ముక్కలు లేకపోతే చాలనుకుని వేసేస్తారు.

మంచినీటి నత్తలు పూర్తిగా ఉడికి ఉండాలి, వాటిలో ఎలుకల నుంచి వచ్చే ఒక సన్నటి పురుగు ఉంటుంది, పచ్చిగా తింటే మెదడు పొరల దాకా వెళ్లి ప్రమాదం తెస్తుంది, ఉడికితే చచ్చిపోతుంది. ఇంకొకటి, బీచ్‌లో తిరుగుతూ దొరికిన నత్తల్ని ఏరుకుని ఎవరికో ఇచ్చి వండించుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వియత్నాం తీరంలో కొన్ని చిన్న బురద నత్తల్లో పఫర్ ఫిష్‌లో ఉండే విషమే ఉంటుంది, ఎంత ఉడికించినా పోదు, అవి తిని చనిపోయినవాళ్లు ఉన్నారు. రోజూ అదే పని చేసే హోటల్ వాళ్లకి ఏది తినేదో ఏది కాదో తెలుసు, మనకి తెలియదు. తిన్నాక పెదాలు, నాలుక తిమ్మిరెక్కితే ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి వెళ్లిపోవాలి.

హనోయ్, హ్వే వెళ్తే

ఉత్తరాన తీరు వేరు. హనోయ్‌లో సముద్రపు నత్తల కంటే చెరువు నత్తలే ఎక్కువ, నిమ్మగడ్డి, నిమ్మ ఆకులు వేసి ఉడికించి ఇస్తారు, పక్కన అల్లం ఫిష్ సాస్ ఉంటుంది, చలికాలం సాయంత్రం రోడ్డు పక్కన కూర్చుని పుల్లతో ఒక్కొక్కటి తీసుకుంటూ తింటారు. అసలు మిస్ కాకూడనిది బున్ ఓక్, టమాటాతో, బియ్యం పులియబెట్టిన వెనిగర్‌తో పుల్లగా చేసిన రసంలో సన్న బియ్యం సేమియా, పైన నత్తలు. చారు అన్నం ఇష్టమైనవాళ్లు ఎవరికైనా ఇది నచ్చి తీరుతుంది. పొద్దున టిఫిన్‌కి కూడా తింటారు.

మధ్య వియత్నాంలో ఉన్న హ్వేలో అయితే కమ్ హెన్, అంటే గుల్లల అన్నం. పర్‌ఫ్యూమ్ నది మధ్యలో కోన్ హెన్ అనే లంక ఉంది, ఆ చుట్టుపక్కల దొరికే గోరంత గుల్లలతో చేస్తారు. చల్లారిన అన్నం మీద వేయించిన గుల్లలు, పల్లీలు, నువ్వులు, అరటిపువ్వు తురుము, పుల్లటి స్టార్ ఫ్రూట్, ఆకులు, రొయ్యపొట్టుతో ఊరబెట్టిన పేస్టు, బోలెడంత కారం, పక్కన గుల్లలు ఉడికించిన వేడి నీళ్లు. పంది కొవ్వు వేపుడు ముక్కలు కూడా వేస్తారు, వద్దంటే ముందే చెప్పాలి. చాలా చవక, చాలా కారం, వియత్నాంలో కారం చాలట్లేదు అనేవాళ్లని అక్కడికి పంపాలి.

ఇంటికొచ్చాక

ఇంట్లో చేసుకోవడానికి అన్నిటికంటే తేలికైంది నిమ్మగడ్డి గుల్లలే. అమెరికాలో ఉన్నవాళ్లకి హెచ్ మార్ట్ లాంటి ఆసియన్ స్టోర్లలో మనీలా క్లామ్స్, లిటిల్‌నెక్స్ బతికున్నవే దొరుకుతాయి, ఇక్కడ ఉన్నవాళ్లు చేపల మార్కెట్‌లో బతికున్న గుల్లలు వచ్చిన రోజు చూసుకోండి. ఫ్రోజెన్ కండ ప్యాకెట్లతో ఇది కుదరదు, పెంకులోంచి దిగే నీళ్లే కదా దీనికి కావాల్సింది.

కిలో గుల్లలకి లీటరు నీళ్లలో 30 గ్రాముల ఉప్పు కలిపి, గంట రెండు గంటలు చీకటిగా ఉన్న చోట మూత వేయకుండా నానబెట్టండి, ఇసుక కక్కేస్తాయి. మంచినీళ్లలో వేస్తే కక్కకుండానే చచ్చిపోతాయి, ఉప్పు తప్పనిసరి. పొలం నత్తలైతే వేరే, వాటిని బియ్యం కడిగిన నీళ్లలో నాలుగు మిరపకాయలు చితక్కొట్టి వేసి కొన్ని గంటలు ఉంచుతారు అక్కడ, బురద వదిలేస్తాయి. తర్వాత గుల్లల పెంకులు బాగా రుద్ది కడిగి, విరిగినవి, తట్టినా మూసుకోనివి తీసి పారేయండి.

నాలుగైదు నిమ్మగడ్డి కాడలు తెల్ల భాగం రోకలితో చితక్కొట్టి గిన్నె అడుగున పరవండి, నాలుగు చీల్చిన పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క, అర కప్పు నీళ్లు, అంతకంటే వద్దు, గుల్లల్లోంచే బోలెడు నీళ్లు వస్తాయి. ఉప్పు అసలు వేయకండి. నీళ్లు మరిగాక గుల్లలు వేసి మూతపెట్టి హై ఫ్లేమ్ మీద ఉంచి మధ్యలో ఒకసారి గిన్నె మొత్తం ఎత్తి కుదపండి. నోళ్లు తెరిచాక ఇంకో 4 నిమిషాలు ఉంచి దించేయండి. తెరుచుకోనివి మీరు బలవంతంగా తెరవొద్దు, పారేయండి.

అల్లం సాస్‌కి ఫిష్ సాస్ 3 చెంచాలు, పంచదార 3, నిమ్మరసం 2, గోరువెచ్చటి నీళ్లు 2, బొటనవేలంత అల్లం, రెండు వెల్లుల్లి రెబ్బలు, పచ్చిమిర్చి సన్నగా దంచి కలపండి, పంచదార కరిగాకే అల్లం వేయండి. ఫిష్ సాస్ కొనేటప్పుడు సీసా మీద నెత్తళ్లు, ఉప్పు రెండే రాసి ఉన్నది చూసుకోండి. పచ్చిమిర్చి సాస్ అయితే పది పచ్చిమిరపకాయలు, మూడు నాలుగు నిమ్మ ఆకులు ఈనె తీసేసి, ఒకటిన్నర టీస్పూను ఉప్పు, 2 చెంచాల పంచదార, 4 చెంచాల నిమ్మరసం, 2 చెంచాల కండెన్స్‌డ్ మిల్క్, అన్నీ మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. పాలు ఏంటి ఇందులో అనుకోవద్దు, ఆ తీపి, చిక్కదనం వల్లే కారానికి రుచి కుదురుతుంది. రొయ్యల వేపుడుకి, కాల్చిన చేపకి కూడా ఇదే వాడుకోవచ్చు, ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఆకుపచ్చగానే ఉంటుంది.

గిన్నెలో మిగిలిన గుల్లల నీళ్లు పల్చటి గుడ్డలో వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మర్నాడు పొద్దున గుప్పెడు బియ్యం అందులో మెత్తగా జావలా ఉడికించి, ఉల్లికాడలు, మిరియాల పొడి వేసుకుంటే అక్కడివాళ్లు చేసుకునే గుల్లల గంజి రెడీ, తీసి పక్కన పెట్టిన కండ ఏమైనా ఉంటే దించే ముందు వేసి ఒక పొంగు రానివ్వండి.